పిల్లలకు పైథాన్: ఒక్కో పనీ ఒక్కో మెట్టు

సంపాదకులకు నమస్కారం.

వార్షిక పరీక్షలు దగ్గర పడుతున్నాయంటే తిరుపతిలోనూ చిత్తూరులోనూ బస్టాండుల చుట్టుపక్కల గోడల మీద ఒకే రకం ప్రకటనలు వెలుస్తాయి. వేసవి సెలవుల్లో మీ పిల్లలకు పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్పుతాం, నెల తిరిగేసరికి ప్రోగ్రామర్లను చేస్తాం, చివర్లో సర్టిఫికెట్ ఇస్తాం అని. అవి చూసి అప్పు చేసి మరీ ఫీజు కడుతున్న తల్లిదండ్రుల కోసం, బడుల్లో కంప్యూటర్ గదుల తాళాలు దగ్గర పెట్టుకున్న పెద్దల కోసం ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను చిత్తూరు జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. బడి వదిలాక మా కంప్యూటర్ గదిలో ఏడు నుంచి పదో తరగతి వరకు పిల్లలను కూర్చోబెట్టి పైథాన్ నేర్పుతున్నాను. మా బడిలో చేరిన ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి, అంతకు ముందు వేసవిలో ఎక్కడో తీసుకున్న సర్టిఫికెట్‌ను లామినేషన్ చేయించుకుని తెచ్చి చూపించింది. చాలా సంతోషించాను. అయిదో ఎక్కం తెరమీద వచ్చేలా ఒక ప్రోగ్రాం రాయమ్మా అన్నాను. ఆ అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. అక్కడ వాళ్లకు నోట్సు ఇచ్చారట, నోట్సులో ప్రోగ్రాములు ఉన్నాయట, అవి బట్టీ పట్టి రాస్తే మార్కులు వేశారట. కీబోర్డు ముందు కూర్చున్నది మాత్రం బహు తక్కువ. తండ్రి మామిడి కాయ అమ్మిన డబ్బుతో కట్టిన ఫీజు అది. ఆ పిల్ల తెలివిలో లోపం ఏమీ లేదు. నేర్పిన తీరే తప్పు.

ప్రోగ్రామింగ్ వినడం వల్ల రాదు, చదవడం వల్ల రాదు. చిన్న పని ఒకటి మొదలుపెట్టి, పూర్తి చేసి, అది నడుస్తుంటే చూడాలి. తరువాతి పనిలో కొత్త కష్టం ఒక్కటే ఉండాలి, రెండు ఉండకూడదు. సంగీతం నేర్పే మన పెద్దలకు ఈ సంగతి ఏనాడో తెలుసు. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు దాటాకే కృతి దగ్గరికి వెళ్లనిస్తారు. కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం మొదటి వారంలోనే కృత్రిమ మేధ అంటున్నాం.

ముందు భాష గురించి రెండు మాటలు. నెదర్లాండ్స్‌కు చెందిన గిడో వాన్ రాసమ్ 1989 చివర్లో దీన్ని మొదలుపెట్టి 1991లో లోకానికి విడుదల చేశాడు. అంతకు ముందు ఆయన ఆమ్‌స్టర్‌డామ్‌లోని పరిశోధన సంస్థలో ఏబీసీ అనే భాష మీద పనిచేశాడు. కొత్తవారు సులువుగా నేర్చుకోవాలని తయారుచేసిన భాష అది. ఆ గుణం పైథాన్‌కూ వచ్చింది. డబ్బు కట్టాల్సిన పని లేదు. ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తుంది. పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుని ఎక్కించుకోవచ్చు. మా బడిలో ఉన్నవి విండోస్ 7 కంప్యూటర్లు. వాటి మీద పైథాన్ 3.8 వరకే ఎక్కుతుంది, ఆ తరువాతి వెర్షన్లు ఎక్కవు. పాత యంత్రాలున్న బడులవాళ్లు ఇది గుర్తుంచుకుంటే సరిపోతుంది, బడి పిల్లల అవసరాలకు 3.8 ధారాళంగా చాలు.

ఇంగ్లిషు రాని పిల్లలకు ఇది ఎక్కడ వస్తుందని కొందరు ఉపాధ్యాయులే అంటుంటారు. పైథాన్‌లో తప్పనిసరిగా అదే రూపంలో రాయాల్సిన కీలక పదాలు 35. అందులో బడి పిల్లలకు కావలసినవి సగం కూడా ఉండవు. ఇఫ్, ఎల్స్, వైల్, ఫర్ అంటే ఏమిటో తెలుగులో చెబితే పిల్లలకు అర్థమవుతుంది. పైథాన్ 3లో విలువలకు పెట్టుకునే పేర్లు తెలుగు లిపిలోనే రాసుకోవచ్చు. వయసు అని తెలుగులో రాసి, పక్కన సమానం గుర్తు పెట్టి 13 అని వేస్తే యంత్రం ఒప్పుకుంటుంది. మా పిల్లలకు ఈ సంగతి చూపించిన రోజు గదిలో పుట్టిన కోలాహలం నేను వర్ణించలేను.

ఇక పనులు. మొదటిది పేరు అడిగి పలకరించడం. అందులో చెప్పుకోవాల్సింది పెద్దగా లేదు, ఎవరైనా చేస్తారు. రెండో పని, రెండు అంకెలు అడిగి కూడి చెప్పడం. ఇక్కడే మొదటి పాఠం ఎదురవుతుంది. పిల్లవాడు 12 ఇచ్చి, 13 ఇస్తే 25 రావాల్సిన చోట 1213 అని వస్తుంది. కీబోర్డు నుంచి వచ్చినదాన్ని పైథాన్ అక్షరాల వరుసగానే తీసుకుంటుంది, అంకెగా మార్చమని మనం చెప్పాలి. ఇది ముందే చెప్పేస్తే పిల్లలు మరిచిపోతారు. 1213 చూసి బిత్తరపోయిన పిల్లవాడు జన్మలో మరిచిపోడు. అందుకే నేను ముందు చెప్పను.

మూడోది అంకె ఊహించే ఆట. కంప్యూటర్ 1 నుంచి 100 లోపు ఒక అంకె మనసులో పెట్టుకుంటుంది. పిల్లలు ఊహించి చెప్పాలి, ఎక్కువో తక్కువో అది చెబుతుంది. ఆట రాయడం ఒక ఎత్తు, గెలవడం ఒక ఎత్తు. మొదట 50, తరువాత 25 లేదా 75, అలా సగానికి సగం కోసుకుంటూ పోతే ఏడు ఊహల్లో ఎంతటి అంకైనా దొరకాల్సిందే. ఇది పిల్లలే కనిపెడతారు. అప్పుడు నేను 1000 వరకు పెంచమంటాను. పది రెట్లు పెరిగింది కదా, డెబ్బై ఊహలు కావాలని వాళ్ల అంచనా. పదితో తేలిపోతుంది. పది రెండ్లను ఒకదానితో ఒకటి హెచ్చిస్తే 1024 వస్తుంది కనుక. ఘాతాంకాల పాఠం నల్లబల్ల మీద చెప్పినప్పుడు ఆవలించిన పిల్లలు ఆ రోజు లెక్క వేసి నాకే వివరించారు. తరువాత ఆటను తిరగేయమంటాను: పిల్లవాడు అంకె తలచుకోవాలి, కంప్యూటర్ ఊహించాలి. చూడటానికి అదే ఆట. రాయబోతే వేరే బుర్ర కావాలి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన మెట్టు ముగ్గుల మెట్టు. పైథాన్‌తోపాటే టర్టిల్ అనే సాధనం వస్తుంది. 1967లో అమెరికాలో పిల్లల కోసం పుట్టిన లోగో భాష నుంచి వచ్చిన ఆలోచన ఇది. తెరమీద చిన్న గుర్తు ఒకటి ఉంటుంది. ముందుకు నడవమంటే గీత గీస్తూ నడుస్తుంది, ఎడమకో కుడికో తిరగమంటే తిరుగుతుంది. నలుచదరం అందరికీ వెంటనే వస్తుంది: నడువు, 90 డిగ్రీలు తిరుగు, నాలుగుసార్లు. త్రిభుజం దగ్గర ఆగిపోతారు. సమబాహు త్రిభుజంలో కోణం 60 డిగ్రీలు అని పుస్తకంలో చదివారు కనుక 60 తిరగమంటారు. గీతలు కలవవు, షడ్భుజిలో సగం తయారై నిలబడిపోతుంది. అప్పుడు పిల్లలను బెంచీల మధ్య ఖాళీలో నడవమంటాను. మలుపు దగ్గర తాము ఎంత తిరిగారో చూసుకోమంటాను. తిరిగింది లోపలి కోణం కాదు, బయటి కోణం, 120 అని తేలుతుంది. చుట్టూ తిరిగి వస్తే మొత్తం 360 కనుక ఎన్ని భుజాలుంటే అన్నిటితో భాగించాలి. బాహ్యకోణాల మొత్తం అనే సిద్ధాంతం అలా కాళ్లతో నేర్చుకున్నారు. అయిదు మొనల నక్షత్రానికి 144 అని కనిపెట్టింది ఎనిమిదో తరగతి పిల్లవాడు, నేను చెప్పలేదు.

ఆ తరువాత చుక్కలు. సంక్రాంతి నెలలో మీ పత్రికలోనూ వేస్తారు కదా, 9 చుక్కలు, 5 వచ్చే వరకు మధ్య చుక్క అని. మా ఊళ్లో అయిదో తరగతి పిల్ల కూడా ఆ ఒక్క వాక్యం చదివి వాకిట్లో చుక్కలు పెట్టేస్తుంది. అదే మాట కంప్యూటర్‌కు అర్థమయ్యేలా రాయమన్నాను. వరుసకు ఎన్ని చుక్కలు? 5, 6, 7, 8, 9, మళ్లీ 8, 7, 6, 5. మొత్తం 61. ఒక వరుసలో చుక్కలు పెట్టడానికి ఒక ఫర్, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే మాట, వరుసలు మార్చడానికి దాని చుట్టూ ఇంకొక ఫర్. ఇది వచ్చేసరికి పిల్లలకు వారం పట్టింది. అసలు చిక్కు అది కాదు. వరుస ఎక్కడ మొదలుపెట్టాలి? అన్నీ ఎడమ అంచున మొదలైతే ముగ్గు ఒక పక్కకు ఒరిగిపోతుంది. ప్రతి వరుసా ముందు వరుస కన్నా అర చుక్క జరగాలి. చుక్కల సంఖ్యలో ఒకటి తీసేసి, సగం చేసి, ఎడంతో గుణించి, అంత ఎడమకు జరిగితే సరిపోతుందని ఇద్దరు అమ్మాయిలు కాగితం మీద గీసుకుని తేల్చారు. ఇంట్లో ముగ్గు పెట్టేది వాళ్లే కనుక ఆ గదిలో ఆ రోజు వాళ్లే గురువులు. అప్పటిదాకా కంప్యూటర్ అంటే మగపిల్లల సొత్తు అన్నట్టు ఉండేది. ఆ తరువాత ఆ మాట ఎవరూ అనలేదు.

ఆ మెట్టు దాటితే దస్త్రాల మెట్టు, అంటే రాసుకున్నది కంప్యూటర్ కట్టేసినా పోకుండా దాచుకోవడం. దీనికి మా వైపు పాల లెక్కను మించిన పని లేదు. చిత్తూరు జిల్లాలో పాడి లేని పల్లె అరుదు. ఉదయం, సాయంత్రం కేంద్రంలో పాలు పోస్తే ఎన్ని లీటర్లు, వెన్న శాతం ఎంత, వెన్న కాని ఘనపదార్థం ఎంత అని చీటీ ఇస్తారు. వాటిని బట్టే ధర. ఒక అమ్మాయి వాళ్లమ్మ చీటీలన్నీ డబ్బాలోంచి తెచ్చి ఒక సీఎస్‌వీ దస్త్రంలో, అంటే కామాలతో విడదీసి రాసుకునే పట్టికలో, ఎక్కించింది. బిల్లు మొత్తం వేయించింది. వచ్చిన మొత్తానికి చివర దశాంశాల తోక పొడుగ్గా వేలాడింది. మా పిల్లలు హడలిపోయారు. పైథాన్‌లో 0.1కి 0.2 కలిపి చూడండి, 0.3 రాదు, 0.30000000000000004 వస్తుంది. కంప్యూటర్ అంకెలను 0, 1 అనే రెండే గుర్తుల పద్ధతిలో దాచుకుంటుంది. పదో వంతు ఆ పద్ధతిలో ఎప్పటికీ తెగదు, మనకు మూడో వంతు 0.333 అంటూ తెగనట్టే. అందుకే డబ్బు లెక్కను రూపాయల్లో కాక పైసల్లో, పూర్ణ సంఖ్యలుగా ఉంచుకోవాలి. ఈ సంగతి ఉపన్యాసంగా చెప్పి ఉంటే ఒక్క చెవికి కూడా ఎక్కేది కాదు.

ఆ అమ్మాయి అక్కడితో ఆగలేదు. ఉదయం పాల సగటు వెన్న, సాయంత్రం పాల సగటు వెన్న వేరువేరుగా తీసింది. సాయంత్రానిదే ఎక్కువ. ఏదో కొత్తది కనిపెట్టానని ఇంటికి వెళ్లి చెబితే, ఉదయం పితికాక సాయంత్రానికి మధ్య వ్యవధి తక్కువ కనుక పాలు చిక్కగా ఉంటాయని తల్లి చెప్పిందట. తల్లికి అనుభవం మీద తెలిసినదాన్ని కూతురు లెక్కతో నిరూపించింది. బిల్లు వచ్చినప్పుడల్లా ఆ తల్లి ఇప్పుడు కూతురి చేత ప్రోగ్రాంలో సరిచూయించుకుంటోంది. నడిచే ప్రోగ్రాం అంటే నా దృష్టిలో ఇది: ఇంట్లో ఒక మనిషికి పనికొచ్చేది.

పై తరగతుల పిల్లలకు ఇచ్చే పని ఇంకొకటి ఉంది. ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకేలా ఉండే మాటను గుర్తుపట్టాలి. ఇంగ్లిషు పాఠాల్లో ఇది ఒక్క వరుసలో అయిపోయే పని: మాటను తిరగేసి, మొదటిదానితో పోల్చడమే. మా పిల్లలు ఆ ప్రోగ్రాం రాసి, సహజంగానే వికటకవి అని ఇచ్చారు. కాదు అని వచ్చింది. తెనాలి రామకృష్ణుడి కథ విని పెరిగిన పిల్లలు ఊరుకుంటారా? తప్పు ప్రోగ్రాంలో ఉందని ఒకరు, యంత్రంలో ఉందని ఒకరు. ఆ మాటను ముక్కలు చేసి చూపించమని పైథాన్‌ను అడిగాం. మనకు కనిపించేవి వి, క, ట, క, వి అని అయిదు. పైథాన్‌కు ఏడు. వకారం ఒకటి, దాని గుడి ఒకటి, వేరువేరుగా లెక్క. తిరగేస్తే గుడి ముందుకు వచ్చి, హల్లు వెనక్కు పోతుంది. కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే ఉమ్మడి పద్ధతి యూనికోడ్. అందులో తెలుగును దాచే తీరే అది.

అయితే గుణింతపు గుర్తు కనబడితే దాన్ని ముందున్న హల్లుకే అతికించమని రాశారు. వికటకవి నెగ్గింది. తిరుపతికి నాలుగు అక్షరాలని సరిగ్గా వచ్చింది. గంతులు వేశారు. చిత్తూరు ఇచ్చి చూడండి అన్నాను. మూడు రావాల్సింది, నాలుగు వచ్చింది. త్తూ అనే ఒత్తక్షరం రెండుగా విరిగిపోయింది, ఎందుకంటే యూనికోడ్ ఆ ఒత్తును త, పొల్లు, మళ్లీ త, ఆపైన దీర్ఘం అని దాచుకుంటుంది. పొల్లు తరువాత వచ్చిన హల్లును కూడా ముందుదానికే అతికించాలని ఇంకొక షరతు చేరిస్తే చిత్తూరు కూడా దారికి వచ్చింది. రాసింది మొత్తం పట్టుమని పది వరుసలు లేదు. కానీ ఆ పిల్లలు వర్ణమాలను, సంయుక్తాక్షరాలను, తమ భాష యంత్రంలో ఎలా ఉంటుందన్న సంగతిని ఒకేసారి పట్టుకున్నారు. మా తెలుగు మాస్టారు కుర్చీ తెచ్చుకుని మరీ కూర్చుని చూశారు. వేరే దేశంలో తయారైన పాఠాన్ని యథాతథంగా ఎక్కించుకుంటే ఈ సమస్య ఎదురే కాదు, ఈ ఆనందమూ ఉండదు.

తప్పుల గురించి కూడా చెప్పాలి. ప్రోగ్రాం తప్పితే తెరమీద ఎర్ర అక్షరాలు వస్తాయి. పిల్లలు వాటిని చూసి, ఉపాధ్యాయుడి చేతిలో ఎర్ర కలం చూసినట్టే ముడుచుకుపోతారు. నేను మొదటి రోజు నుంచే చివరి వరుస చదవమంటాను. ఎన్ని వరుసలు వచ్చినా అసలు కబురు చివరి వరుసలో ఉంటుంది. నేమ్‌ఎర్రర్ అంటే నువ్వు చెప్పిన పేరు నాకు తెలియదు అని, ఇండెంటేషన్‌ఎర్రర్ అంటే వరుస జరపాల్సినంత జరపలేదు అని. ఇవి తెలుగులో రాసి గోడకు అంటించాం. ఇప్పుడు పిల్లలు ఒకరి తప్పును ఒకరు చదివి చెప్పుకుంటున్నారు. ఫోనులో అడిగితే కృత్రిమ మేధ క్షణంలో ప్రోగ్రాం రాసిచ్చేస్తుందిగా అని ఒక తండ్రి అడిగారు. ఇస్తుంది. రాసింది సరో కాదో చెప్పగలిగే పిల్లకు అది మంచి తోడు. ఇంకా మొదటి మెట్ల మీద ఉన్న పిల్లకు అది చేసే మేలు కన్నా కీడే ఎక్కువ. సొంతంగా ఒక రూపం రాసిన తరువాతే, అదీ ఎందుకు తప్పిందో అడగడానికే వాడాలని మా గదిలో నియమం పెట్టుకున్నాం.

జాతీయ విద్యావిధానం 2020 మాధ్యమిక దశలోనే, అంటే ఆరో తరగతి నుంచే, కోడింగ్ కృత్యాలు ఉండాలని చెప్పింది. సీబీఎస్‌ఈ పదకొండు, పన్నెండు తరగతుల కంప్యూటర్ సైన్స్‌లో నేర్పేది పైథానే. కాగితం మీద దారి ఉంది. మా వంటి బడుల్లో తాళం వేసిన గది ఉంది. కంప్యూటర్లు పాడవుతాయన్న భయంతో, విచారణ వస్తుందన్న భయంతో తాళం తీయని బడులు నాకు తెలుసు. వాడక పాడైన యంత్రాలే అక్కడ ఎక్కువ. సాయంత్రం ఒక గంట ఆ గది తెరిచి ఉంచమనీ, దానికి బాధ్యులైన ఉపాధ్యాయుల మీద ఆ గంట భారం వేరే పనుల్లో తగ్గించమనీ విద్యాశాఖ అధికారులను వేడుకుంటున్నాను. ముగ్గురికి ఒక కంప్యూటర్ ఉన్నా ఫరవాలేదు. ఒకరు టైపు చేస్తే, ఒకరు చదివితే, ఒకరు కాగితం మీద లెక్క నడిపిస్తే సరిపోతుంది. కరెంటు పోయిన రోజుల్లో మేం కాగితం మీదే ప్రోగ్రాం నడిపిస్తాం.

మార్కుల సంగతి: రాత పరీక్ష వద్దు. పిల్లవాడు పూర్తిచేసిన పనులు ఒక దస్త్రంగా ఉంటాయి. అందులోంచి ఒకటి తీసి, చిన్న మార్పు చెప్పి, ఎదురుగా చేయమనండి. ఎక్కాన్ని వెనక నుంచి చూపించమనండి, ముగ్గును 11 చుక్కలకు పెంచమనండి. అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఫీజు కట్టే ముందు తల్లిదండ్రులు కూడా శిక్షణ ఇచ్చేవారిని ఇదే అడగాలి: మా పిల్ల చివరికి ఏయే ప్రోగ్రాములు సొంతంగా రాస్తుంది, రోజుకు ఎంతసేపు కీబోర్డు ముందు ఉంటుంది? జవాబు తడబడితే ఆ డబ్బు ఇంట్లోనే ఉంచుకోండి.

మన దగ్గర విద్యాసంస్థలకు కొదవ లేదు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954 నుంచి ఉంది, పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం ఉంది, 2015లో ఐఐటీ, ఐసర్ (విజ్ఞానశాస్త్ర విద్యా పరిశోధన సంస్థ) కూడా తిరుపతికి వచ్చాయి. అక్కడ చదివే అన్నయ్యలు, అక్కయ్యలు శనివారం సాయంత్రం దగ్గర్లోని ఒక్కో బడికి వచ్చి మా పిల్లల పక్కన కూర్చుంటే చాలు. ఉపన్యాసాలు అక్కర్లేదు. పిల్ల టైపు చేస్తుంటే ఓపికగా చూస్తూ, అడిగినప్పుడు మాత్రమే చెప్పేవాళ్లు కావాలి.

చివరగా మీకు ఒక విన్నపం. మీ ఆదివారం పిల్లల పేజీలో వారానికి ఒక్క చిన్న ప్రోగ్రాం లెక్క వేయండి. పదసంపత్తి, సుడోకు వేసే చోటులో సగం చాలు. ప్రతి వారం లెక్క గత వారం కన్నా ఒక్క మెట్టు మాత్రమే కష్టంగా ఉండాలి. మొదటి నాలుగు వారాలకు నేను రాసిపెట్టినవి ఇవి. అలిపిరి నుంచి తిరుమలకు నడకదారి మెట్లు 3,550గా తీసుకుని, ఎన్ని ఎక్కారో అడిగి ఎన్ని మిగిలాయో చెప్పాలి. రెండో వారం, 3,550 కన్నా ఎక్కువ అంకె ఇచ్చినా, సున్నా కన్నా తక్కువ ఇచ్చినా ఒప్పుకోకుండా మళ్లీ అడగాలి. మూడో వారం, ప్రతి 500 మెట్లకూ పది నిమిషాల విశ్రాంతి అనుకుని, నిమిషానికి ఎన్ని మెట్లు ఎక్కుతారో అడిగి, కొండ మీదికి చేరే సమయం గంటల్లో, నిమిషాల్లో చెప్పాలి. నాలుగో వారం, ఇంట్లో నలుగురు నాలుగు వేగాలతో బయలుదేరితే ఎవరు ఎప్పుడు చేరతారో, ముందు చేరినవారు చివరివారి కోసం ఎంతసేపు ఎదురుచూడాలో ఒక పట్టికగా చూపించాలి. పిల్లలు పంపే సమాధానాలు దిద్ది తిప్పి పంపే బాధ్యత నాది, మా పదో తరగతి పిల్లలది.

భవదీయురాలు,
ఒక గణిత ఉపాధ్యాయురాలు,
చిత్తూరు జిల్లా.